ఆగిన చోటే

రాత్రి పదిన్నర. వంటింట్లో చివరి గిన్నె బోర్లించిన చప్పుడయ్యాక స్టీమ్ డెక్ చేతిలోకి తీసుకుంటాను. 669 గ్రాముల బరువు, ఏడంగుళాల తెర. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ఈ ఆటవస్తువు లోపల ఉన్నది లైనక్స్ మీద నడిచే అచ్చమైన కంప్యూటరే. పెద్ద ఆట పెడితే రెండు గంటలకే చార్జింగ్ అయిపోతుంది, ఫ్యాను గుయ్యిమంటుంది. అయినా దీని మీద నా ఇష్టమంతా పైనున్న చిన్న బటన్ దగ్గరే. నొక్కితే చాలు, ఆట ఎక్కడిదక్కడ నిద్రపోతుంది.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్ ఉండేది. క్యాసెట్ అడుగున ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్ళం, అలా ఊదితేనే ఆడుతుందని మా గట్టి నమ్మకం. మారియో చివరి కోట దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. ఆ క్యాసెట్‌కి ఏదీ గుర్తుండదు. "మళ్ళీ మొదట్నించా!" అని అన్నయ్య తల పట్టుకుంటే, "పోనీలేరా, అన్నానికి రండి" అనేది అమ్మ, చీకట్లోంచే.

మనకోసం ఈ డెక్‌లా ఆగి ఉండేవి ఎన్నుంటాయి? పొయ్యి మీది పాలు ఆగవు. పిల్లల వయసు అసలే ఆగదు.

నిన్న సరిగ్గా పోరు మధ్యలో పాప లేచింది. "నాన్నా, దాహం." బటన్ నొక్కి, నీళ్ళు తాగించి, జోకొడుతూ పక్కనే నేనూ నిద్రపోయాను. పొద్దున కాఫీ చల్లారుతుంటే తెర వెలిగించి చూశాను. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది.