బొంత

ఉద్యోగవిరమణ చేసిన ఆ ఉపాధ్యాయినికి బొంత కుట్టడం బ్రతుకుతెరువు కాదు, మనసుకు నచ్చిన వ్యాపకం. తల్లి కట్టి విడిచిన నేతచీరలను పొరలుగా పరచి, టాకాలు వేసి మొదలుపెట్టిన బొంత మూడేండ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఈ ఏడు పూర్తిచేయాలని ఏటా అనుకొనేది. ఆ కోరికకు లెక్క తోడు కాలేదు.

ఒక ధనుర్మాసారంభాన ఆమె కొలబద్ద చేతపట్టింది. వెడల్పు 4 అడుగులు. అంగుళానికొక వరుస చొప్పున 48 వరుసలు. రోజుకు రెండు కుడితే 24 దినాలు. భోగికి ముందే ముగియాలి. లెక్క సులభమే!

పదకొండవనాటి ఉదయం చూడగా, పాత టాకాలు సడలి లోపలి పొర ముడుచుకొనిపోయి ఉన్నది. పైకి కనిపించని లోపమది. కప్పుకొనేవారికి మాత్రం ఒత్తుకొంటుంది. ఆరు వరుసలు విప్పివేసింది. విప్పడం కుట్టడంకంటె కష్టం. పాతబట్ట చిరుగుతుందేమోనన్న భయంతో ఒక్కొక్క పోగే లాగవలసివచ్చింది. టాకాలు మళ్ళీ వేసింది. ఆపై పండుగ పిండివంటలు రెండు దినాలను మింగివేసినవి.

భోగినాటికి 45 వరుసలే అయినవి. మిగిలిన మూడూ ముక్కనుమనాటి సాయంత్రానికి ముగిసినవి. ఆ రాత్రి ఆమె బొంత కప్పుకొని పడుకొన్నది. తల్లి చీర అంచు చెంపకు తగిలింది.