పొరుగింటి బ్లేడు

జాతీయ రాజకీయాలు రాసేవాడు గడ్డం గీసుకోవడం గురించి రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. పార్లమెంటు సమావేశాల నడుమ కాస్త తీరిక దొరికింది గనుక రాస్తున్నానని చెప్పి తప్పించుకోవచ్చు గానీ అది నిజం కాదు. వార్తల కోసం పొరుగు దేశాలకు చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. విదేశాంగ శాఖ ప్రకటనల్లో దొరకని కొన్ని సంగతులు ఆ దేశాల్లో నాకు ఉదయం పూట అద్దం ముందు తెలిసివచ్చాయి. వాటిని ఒకచోట చేర్చి చూడాలన్నదే ఈ రాతకు కారణం.

నాది పాత పద్ధతి. వేడినీళ్లలో నానబెట్టిన బ్రష్షు, గుండ్రటి సబ్బు బిళ్ల, రెండంచుల బ్లేడు బిగించే లోహపు రేజరు, చివరన పటిక ముక్క. వెంట్రుక వాలు వెంబడి ఒకసారి, అడ్డంగా మరొకసారి రేజరు నడిపి, చన్నీళ్లతో కడిగి పటిక రుద్దితే పని ముగుస్తుంది. దీనికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటసేపు ఫోను ఎత్తడానికి చేతులు ఖాళీగా ఉండవు, తొందరపడితే చర్మం తెగుతుంది. రోజు మొత్తంలో ఎవరి ప్రకటనకూ స్పందించనక్కరలేని సమయం అదొక్కటే కాబట్టి ఎక్కడికి వెళ్లినా దాన్ని వదులుకోను.

ఈ రేజరు అమెరికన్ వ్యాపారి కింగ్ క్యాంప్ జిల్లెట్ ఆలోచన. 1904లో ఆయనకు పేటెంటు దక్కింది. ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుచేత ఏ దేశంలో తయారైన బ్లేడైనా ఏ దేశపు రేజరులోనైనా ఇమిడిపోతుంది. మూడు రంధ్రాల ఆ పల్చని ఉక్కు రేకు విషయంలో మాత్రం ప్రపంచమంతా ఒకే కొలతకు కట్టుబడింది. వలస పాలన నుంచి బయటపడిన మన ప్రాంతపు దేశాలు తమ సొంత బ్లేడ్లు తామే చేసుకోగలగడానికి అదొక కారణం.

ప్రయాణంలో చిక్కంతా ఆ బ్లేడుతోనే. పత్రికల వాళ్లు విమానంలో పెద్ద సామాను వేయరు. దిగగానే పరుగెత్తాలి గనుక భుజాన ఒక సంచీ చాలు. ఆ సంచీలో విడి బ్లేడును అనుమతించరు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత ప్రపంచమంతటా నిబంధనలు బిగిశాయి. మనకు అంతకు ముందే 1999 డిసెంబరు 24న కాఠ్‌మాండూ నుంచి బయలుదేరిన ఐసీ-814 విమానం హైజాక్ ఉంది. ఆ తరువాత అక్కడ భారత విమానం ఎక్కేవారిని మెట్ల దగ్గర మరోసారి తనిఖీ చేయడం మొదలైంది. 2006లో లండనులో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వంద మిల్లీలీటర్ల నియమం వచ్చి పెద్ద క్రీము ట్యూబులూ పోయాయి. గట్టి సబ్బు బిళ్ల ద్రవం కాదు కాబట్టి బతికిపోయింది. బ్లేడు తీసేసిన రేజరును సాధారణంగా పోనిస్తారు. అలా ఖాళీ రేజరుతో విమానం దిగిన మనిషికి ఆ ఊళ్లో మొదటి పని బ్లేడు పొట్లం కొనడం.

ఈ అలవాటు ఉన్నవారి కోసం అనుభవం మీద నాలుగు మాటలు. తడి బ్రష్షును అలాగే డబ్బాలో మూస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. తువ్వాలుతో నీరు పీల్చి, రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. నురుగు కలపడానికి హోటలు గదిలోని టీ కప్పు సరిపోతుంది. లండను లాంటి కఠిన జలపు ఊళ్లలో సబ్బు కాస్త ఎక్కువ రుద్దితే గానీ నురుగు నిలవదు. అన్నిటికంటే ముఖ్యం, వాడిన బ్లేడును గది చెత్తబుట్టలో వేయకూడదు. గది ఊడ్చేవారి వేళ్లు తెగుతాయి. చిన్న రేకు డబ్బాలోనో మందంగా చుట్టిన కాగితంలోనో భద్రపరిచి, ఏముందో చెప్పి చేతికి ఇవ్వాలి.

2015 చివర కాఠ్‌మాండూలో నాకు బ్లేడు దొరికింది గానీ వేడినీళ్లు దొరకలేదు. ఆ సెప్టెంబరు 20న నేపాల్ కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించుకుంది. దాని మీద మధేశీల ఆందోళన, సరిహద్దులో నిలిచిపోయిన లారీలు, నెలల తరబడి ఇంధనానికీ వంటగ్యాసుకూ మందులకూ కటకట. అది దిగ్బంధం అని మన ప్రభుత్వం ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆందోళనకారులే దారి మూశారన్నది మన వాదన. నేను దిగిన చిన్న హోటలులో వంటకే గ్యాసు లేదు, స్నానానికి నీళ్లు కాచే మాట అటుంచండి. చలికాలపు కొండనీళ్లతో గడ్డం గీసుకుంటే వెంట్రుక మెత్తబడదు, ప్రతి గీతా మంటగా తెలుస్తుంది. ఢిల్లీలో నేను విన్న వివరణల్లో తర్కం ఉండవచ్చు. కానీ ఆ మంట అనుభవిస్తున్న నగరంలో దాన్ని నమ్మే మనిషి నాకు ఒక్కరూ తారసపడలేదు.

2022 వసంతంలో కొలంబో పరిస్థితి వేరు. విదేశీ మారకం అడుగంటి, మార్చి నెలాఖరుకు రోజుకు పదమూడు గంటల విద్యుత్ కోత దాకా వెళ్లింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు చెల్లించలేమని శ్రీలంక ప్రకటించింది. బ్యాటరీ షేవర్లు తెచ్చుకున్న తోటి విలేఖరులు గడ్డాలు పెంచుకుంటుండగా నేను కొవ్వొత్తి వెలుగులో పని కానిచ్చాను. పాత రేజరుకు కరెంటు అక్కరలేదు గదా అని కాస్త గర్వపడ్డ మాట నిజం. గాలె ఫేస్ దారిలో ఒక చిల్లర దుకాణంలో కొన్న బ్లేడు పొట్లం భారత్‌లో తయారైనది. ధర అడిగితే దుకాణదారు నిన్నటిది ఒకటి, ఇవాళ్టిది ఒకటి చెప్పాడు. ఆ యేడు భారత్ శ్రీలంకకు దాదాపు నాలుగు వందల కోట్ల డాలర్ల సాయం అందించింది. ఇంధనమూ బియ్యమూ మందులూ వెళ్లాయి. పొరుగువాడి సరుకు రాకపోతే ఏమవుతుందో కాఠ్‌మాండూలో చూశాను, వస్తే ఏమవుతుందో కొలంబోలో చూశాను. రెండు చోట్లా ఉన్నది ఒకే భారతదేశం.

ఢాకాకు వెళ్లింది 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి మన దగ్గరికి వచ్చిన కొన్ని నెలలకు. ఆ యేడాది మొదట్లోనే, జనవరి ఎన్నికల తరువాత, భారత సరుకులను బహిష్కరించాలన్న ప్రచారం అక్కడ సాగింది. హసీనా పతనంతో ఆ కోపం ఇంకా ముదిరింది. నా హిందీ యాస విని దుకాణదారు ఏ ఊరివాడినో గ్రహించాడు. ఏ బ్లేడు కావాలని అడగకుండానే షార్ప్ పొట్లం గాజు బల్ల మీద పెట్టి, ఇది మా దేశానిదని మర్యాదగానే చెప్పాడు. బంగ్లాదేశ్‌లో టోంగీ వద్ద ప్రభుత్వ రంగంలోనే ఒక బ్లేడు కర్మాగారం ఉందన్న సంగతీ ఆయనే గుర్తు చేశాడు. మరునాడు ఉదయం ఆ షార్ప్ బ్లేడు ఏ లోటూ లేకుండా పని చేసింది.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో విదేశీ వస్తు బహిష్కారానికి పిలుపునిచ్చినవారు బెంగాలీలు. ఆ మంటను 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరానికీ మచిలీపట్నానికీ మోసుకొచ్చి మనవాళ్లకు అంటించాడు. స్వదేశీ అన్న మాట అప్పుడు మన చేతిలో ఉన్నది. అదే బెంగాలులో ఒక సగం ఇప్పుడు ఆ మాటను మనవైపు తిప్పి పలుకుతోంది. అందులో అతిశయం ఉంది, దేశీయ రాజకీయ ప్రయోజనాలూ ఉన్నాయి. అయినా బహిష్కారం ఎప్పుడూ పెద్దవాడి మీదే ఎక్కుపెడతారు. ఆ పెద్దవాడి స్థానంలో తాము ఉన్నామని భారతీయులు ఒప్పుకోవడానికి ఇష్టపడటం లేదు.

ఒక్క దుబాయిలోనే ఈ లెక్కలన్నీ చెదిరిపోతాయి. దేరాలోని ఒక కిరాణా దుకాణంలో లేజర్ బ్లేడ్లూ ట్రీట్ బ్లేడ్లూ ఒకే అరలో పక్కపక్కన వేలాడుతుండగా చూశాను. మొదటివి మన హైదరాబాదులో పుట్టినవి. ట్రీట్ పాకిస్తాన్ సంస్థ, దానికి లాహోరుతో పాటు సింధ్‌లోని హైదరాబాదులోనూ కర్మాగారం ఉంది. రెండు హైదరాబాదుల బ్లేడ్లు కలుసుకోవడానికి అరేబియా ఎడారి దాకా రావలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా తరువాత మనం పాకిస్తాన్ సరుకుల మీద 200 శాతం సుంకం వేశాం. ఆ ఆగస్టులో వాళ్లు వాణిజ్యాన్నే నిలిపివేశారు. 2025లో పహల్గాం హత్యాకాండ తరువాత అటారీ మూతపడింది, మే నెలలో మూడో దేశం మీదుగా వచ్చే దిగుమతులకూ తెర పడింది. హంతకులకు ఆశ్రయమిచ్చే రాజ్యంతో వ్యాపారమేమిటన్న ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. కానీ ఈ మూతలన్నీ కలిసి ఎక్కడికి తెచ్చాయో కూడా చూడాలి. దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది ఐదు శాతానికి అటూ ఇటూ మాత్రమేనని ప్రపంచ బ్యాంకు ఏళ్లుగా చెబుతోంది. ఆగ్నేయాసియాలో అది పాతిక శాతం దాకా ఉంటుంది. సార్క్ చివరి శిఖరాగ్ర సమావేశం జరిగింది 2014లో.

అదే వీధిలో ఒక ఆఫ్ఘన్ క్షురకుడు ఉన్నాడు. స్వదేశంలో తన పని నేరమైపోయిందని చెప్పాడు. 2021 సెప్టెంబరులో హెల్మంద్‌లో తాలిబన్లు గడ్డాలు గీయవద్దని క్షురకులను ఆదేశించారు. 2024 ఆగస్టులో గడ్డం పొడవు మీద దేశమంతటికీ చట్టమే తెచ్చారు. గీయనని అక్కడి క్షురకుడు చెబితే అది అతని ఇష్టం కాదు, అతని వెనుక ఒక కర్ర ఉంది.

ఆ మాట విన్నప్పుడు గాంధీ ఆత్మకథలోని ఒక ఘట్టం జ్ఞాపకం వచ్చింది. ప్రిటోరియాలో ఒక తెల్ల క్షురకుడు ఆయనకు జుట్టు కత్తిరించడానికి నిరాకరించాడు. ఆయన కత్తెర యంత్రం కొనుక్కుని అద్దం ముందు తానే కత్తిరించుకున్నాడు. వెనుక భాగం పాడయింది, కోర్టులో మిత్రులు ఎలుకలు కొరికాయా అని నవ్వారు. స్వావలంబన పాఠంగా ఈ కథను మనం పిల్లలకు చెబుతాం. కానీ గాంధీ అక్కడితో ఆగలేదు. ఆ క్షురకుడిని ఆయన నిందించలేదు. నల్లవాడిని ముట్టుకుంటే అతనికి బేరాలు పోతాయని గుర్తించాడు. మన దేశంలో మన క్షురకులను అంటరానివారికి పని చేయనిస్తున్నామా అని తననే అడిగాడు, తనకు దొరికింది దానికి ప్రతిఫలమేనన్నాడు.

రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న లేచినప్పుడు, సేవ అందించే ఎవరినైనా కలుపుకునేంత విశాలమైన అర్థాన్ని డాక్టర్ అంబేడ్కర్ ఆ మాటకు చెప్పారు. అది నేటి 15వ అధికరణం. అయినా దళితుడికి గడ్డం గీయని సెలూన్ల వార్తలు తెలుగు జిల్లాల నుంచి కూడా ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల క్షురకుడూ వెనుకబడిన కులంవాడే. గీస్తే తక్కినవారు తన దుకాణం మెట్లెక్కరన్న భయంలో ఉన్నవాడే. ప్రిటోరియా మన ఊరికి అంత దూరమేమీ కాదు.

2020 మే నుంచి ఆత్మనిర్భరత మన అధికారిక మంత్రమైంది. సొంత పని సొంతంగా చేసుకోవాలన్న కోరికను నేను తప్పుపట్టను, ప్రతి ఉదయం నేను చేసేది అదే. కానీ ఖాళీ రేజరుతో ఊళ్లు తిరిగినవాడికి ఒక సంగతి అర్థమవుతుంది. చేయి నాదే, నీళ్లు కాచే గ్యాసూ కొవ్వొత్తీ బ్లేడూ మరొకరివి. స్వావలంబన మనిషిని రెండు దారుల్లో నడిపించగలదు. ఎవరూ అక్కరలేదన్న అహంకారం దాకా ఒకటి, నన్ను కాదన్నవాడి నిస్సహాయతలోనూ నా ఇంటి తప్పును చూడగలిగిన వినయం దాకా మరొకటి. మొదటి దారిలో వెళ్లే దేశం తలుపులు మూసి దాన్నే బలమనుకుంటుంది. రెండో దారిలో వెళ్లే దేశం పొరుగువాళ్లు ఆపదలో తన సరుకును భయం లేకుండా కొనుక్కోగలిగేలా నడుచుకుంటుంది. ఉపఖండంలో అందరికంటే పెద్ద దుకాణం మనది. అది ఎవరికి తెరిచి ఉంటుంది, ఎప్పుడు మూతపడుతుంది అన్నది పొరుగు రాజధానుల్లో ప్రతి ఉదయం సామాన్యులు గమనిస్తున్నారు. వచ్చే ప్రయాణానికీ నా రేజరును ఖాళీగానే సర్దుకుంటాను. బ్లేడు అక్కడివారి దగ్గరే కొంటాను.