పారోస్‌లో పిల్లి కోసం కాపలా

గ్రీస్‌లోని పారోస్ దీవికి వెళ్లింది బీచ్‌ల కోసమే. కానీ చివరి రాత్రి నౌసా రేవులో, చేపల వలల పక్కన గొంతుక్కూర్చున్నా. మా గెస్ట్‌హౌస్ ఆంటీ వీధిపిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తుంటుంది. నన్నూ పనిలో పెట్టేసింది.

బోను చివర్లో సార్డీన్ చేప. లోపలి పలక తొక్కగానే తలుపు పడుతుంది. వెంటనే దుప్పటి కప్పాలి, చీకటైతే పిల్లి కాస్త సైలెంట్ అవుతుంది. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టే, వదిలేయాలి.

రెండింటికి ఓ బూడిదరంగు పిల్లి పడింది. నేను ఎగిరి గంతేశా! ఆంటీ టార్చ్ వేసి పొట్ట చూసింది. 'పాలిస్తోంది. వదిలేద్దాం' అంది.

'మళ్లీ దొరకదేమో ఆంటీ!'

'పిల్లలు ఆకలితో ఉంటాయి కదా.'

నేనే తలుపెత్తా. సార్డీన్ కరుచుకుని మరీ పారిపోయింది, దొంగమొహంది.

రెండు నెలలకి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అదే బూడిదరంగు పిల్లి. ఎడమ చెవి కొస లేదు.