ఈల ఊదిన శిష్యుడు

న్యాయం గురించి పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. అది నాకు ఎంతవరకు వంటబట్టిందో మొన్నటి చలికాలంలో, ఈద్‌గాహ్ పక్కనున్న ఆటస్థలంలో, పదహారేళ్ళ నా శిష్యుడొకడు తెలియజేశాడు.

మా పట్టణంలో పదవీ విరమణ చేసిన డ్రిల్లు మాస్టారొకరు అస్ర్ నమాజు తర్వాత బస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతారు. చిన్నపిల్లల పోటీలకు రిఫరీలు దొరకకపోవడంతో, పెద్ద పిల్లల్లో నలుగురిని ఎన్నుకుని వారికే ఆ విద్య నేర్పసాగారు. వారిలో మా మద్రసా విద్యార్థి ఒకడు. చదువు దెబ్బతింటుందేమోనని నేను సందేహించాను. "హజ్రత్, మొత్తం పదిహేడే నిబంధనలు, కంఠస్థం చేసేస్తాను" అన్నాడు. ఖుర్ఆన్ హిఫ్జ్ చేసినవాడికి అదొక లెక్కా అని అనుమతించాను.

కానీ కష్టం కంఠస్థం చేయడంలో లేదని అతని మాటల వల్లనే తెలిసింది. తప్పు జరిగిన ప్రతిసారీ ఈల ఊదకూడదట. ఆట ఆపితే నష్టపోయేది బాధిత జట్టే అయినప్పుడు సాగనివ్వాలట. బంతి వెంటే కాక, బంతి వెళ్ళబోయే చోటును చూస్తూ పరుగెత్తాలట. అన్నిటికన్నా ముఖ్యంగా, గీత వెలుపల నిలబడి అరిచేవారి ముఖాలు చూడకూడదట. ఆ చివరి మాట విని నేను నవ్వాను.

ఒక ఆదివారం పన్నెండేళ్ళలోపు పిల్లల పోటీ జరిగింది. ఒక జట్టులో మా చిన్నబ్బాయి ఉన్నాడు. ఈల నా శిష్యుని చేతిలో ఉంది. చివరి నిమిషాల వరకు ఎవరికీ గోల్ లేదు. అప్పుడు మావాడు తన్నిన బంతిని ఎదుటి జట్టు గోల్‌కీపర్ సరిగ్గా గీత మీద ఒడిసిపట్టాడు. మేమంతా "గోల్!" అని కేకలు వేశాం. శిష్యుడు తల అడ్డంగా ఊపి, ఆట సాగించమని చేయి చూపాడు.

నన్ను నేను మరిచిపోయాను. "నీకు కళ్ళున్నాయా? నా దగ్గర చదువుకున్నది ఇదేనా?" అని అందరూ వినేలా గద్దించాను. ఆ కుర్రవాడి ముఖం పాలిపోయింది. అయినా నిర్ణయం మార్చలేదు. నన్ను చూసి మరికొందరు తండ్రులు నోరు చేసుకున్నారు. ఆట ముగిశాక అతను తల దించుకుని నాకు సలాం చేసి వెళ్ళిపోయాడు. మర్నాడు ఈలను మాస్టారుకు తిరిగి ఇచ్చేశాడని తెలిసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా చిన్నబ్బాయి మెల్లగా అన్నాడు: "అబ్బా, బంతి మొత్తం గీత దాటితేనే గోల్. నేను దగ్గర్నుంచి చూశాను. దాటలేదు."

నాకు ముద్ద దిగలేదు. న్యాయం మీద స్థిరంగా నిలబడాలనీ, అది మీకైనా, మీ తల్లిదండ్రులకైనా, బంధువులకైనా వ్యతిరేకమైనా సరేననీ బోధించే అన్నిసా సూరా 135వ ఆయత్‌ను ఆ కుర్రవాడికి రెండు నెలల క్రితం వివరించింది నేనే. కోపంలో ఉన్న మనిషి ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదన్న ప్రవక్త (స) ఆదేశాన్ని చెప్పిందీ నేనే. ఆ సాయంత్రం ఆ రెండింటినీ పాటించింది అతను. రెండింటినీ ఉల్లంఘించింది నేను. పైగా గురువుననే బరువును అతని మీద మోపాను. కొడుకు పక్షం వహించడం ఒక తప్పు. సాక్షి చేత సత్యాన్ని విడిపించాలని చూడడం అంతకన్నా పెద్ద తప్పు.

బహిరంగంగా చేసిన తప్పుకు పశ్చాత్తాపం కూడా బహిరంగంగానే ఉండాలని మేము విద్యార్థులకు చెబుతాం. తరువాతి ఆదివారం ఆట మొదలవకముందే ఆ తండ్రులందరి ఎదుట నిలబడి, అతన్ని పిలిచి క్షమాపణ కోరాను. అతను కంగారుపడి, "హజ్రత్, అలా అనకండి" అన్నాడు. ఈల మాత్రం ఆ రోజు పట్టలేదు. జెండా పట్టుకుని గీత వెంట పరుగెత్తడానికి ఒప్పుకున్నాడు. మాట విరిచినంత సులువుగా మనసు అతకదు.

మన హైదరాబాదుకు ఈ ఆటలో గొప్ప చరిత్ర ఉంది. 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం గెలిచినప్పుడు శిక్షకులు హైదరాబాదీ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యులు, ఆ తర్వాత అంతర్జాతీయ రిఫరీ. ఈల పట్టడమూ గౌరవప్రదమైన సేవేనని మన పిల్లలకు చెప్పడానికి ఈ ఒక్క కుటుంబం చాలు.

సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన ఇప్పుడు నాకు కొత్తగా అర్థమవుతోంది. అస్లమ్ తెగవారు విలువిద్యలో పోటీపడుతుండగా దైవప్రవక్త (స) అటుగా వచ్చి, ఒక పక్షంతో తానున్నానని ప్రోత్సహించారు. రెండో పక్షంవారు విల్లు దించేశారు. తమరు వారి వైపు ఉండగా మేమెలా బాణం వేయగలమని అడిగారు. అప్పుడాయన తాను అందరితోనూ ఉన్నానని చెప్పి, పోటీ కొనసాగించమన్నారు. గీత వెలుపల నిలబడే ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవలసిన సున్నత్ ఇది. మన బిడ్డ ఆడుతున్నప్పుడు ఎదుటి జట్టు బిడ్డలూ, ఈల పట్టిన బిడ్డా మనవారే.

ఆట నియమావళిలో ఇంకో మాట ఉందని శిష్యుడే చెప్పాడు. రిఫరీ తన నిర్ణయం తప్పని గ్రహిస్తే, ఆట తిరిగి మొదలయ్యేలోపు దిద్దుకోవచ్చు. మొదలయ్యాక వీలు లేదు. మన జీవితాలకూ అంతే గడువు. ఆ గడువు ఉండగానే మన తప్పులు మనం దిద్దుకునే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.