ఏమన్నాడు?

నాన్న పోయాక మూడేళ్ళు ఆయన కారు షెడ్డులోనే ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది. టైర్లు నేలకి అంటుకుపోయాయి. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టాయి. 2022లో పాత కార్లు కొనేవాళ్ళు వచ్చి, 60,000 రూపాయలు చేతిలో పెట్టి, తాడు కట్టి లాక్కెళ్ళారు. ఆ సాయంత్రం అమ్మ షెడ్డంతా కడిగింది. నూనె మరక మాత్రం పోలేదు.

"ఇప్పుడు దీంట్లో ఏం పెడతావే?" అంది.

"సినిమాహాలు" అన్నాను.

నవ్వింది. నా పిచ్చికి నవ్విందనుకున్నాను. మాట వినపడక నవ్విందని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

మా ఇల్లు గుంటూరులో. షెడ్డు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. వీధి వైపు ఇనప షట్టరు, ఇంట్లోంచి రావడానికి పక్కన ఓ చిన్న తలుపు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి సాయంత్రాలు నా చేతిలోనే ఉండేవి. ఒకటే నియమం పెట్టుకున్నాను: కారు అమ్మిన డబ్బు దాటకూడదు. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. నాన్న డబ్బుతో నాన్న ఖాళీ చేసిన చోటు నింపాలనేమో.

మొదటి తప్పు మొదటి రోజే చేశాను. లోపలి గోడకి తెర, షట్టరు వైపు కుర్చీలు అనుకున్నాను. కుర్చీలు వేసి కూర్చుంటే ఏదో తేడాగా ఉంది. కారు షెడ్డు నేలని వీధి వైపు వాలుగా పోస్తారు, కడిగిన నీళ్ళు బయటికి పోవాలని. అంటే వెనక కూర్చున్నవాళ్ళు ముందువాళ్ళకంటే పల్లంలో ఉంటారన్నమాట. హాల్లో ఉండాల్సిన వాలుకి సరిగ్గా తలకిందులు. రెండ్రోజులు తిట్టుకుని, మూడో రోజు అన్నీ తిప్పేశాను. షట్టరు ముందు తెర, లోపలి వైపు కుర్చీలు. అంతే, కారు నీళ్ళ కోసం పోసిన వాలు సినిమాహాలు వాలైపోయింది. పైసా ఖర్చు లేదు.

ప్రొజెక్టరు సెకండ్ హ్యాండ్‌లో 22,000కి దొరికింది. దాని త్రో రేషియో 1.5. అంటే తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరంలో ప్రొజెక్టరు ఉండాలి. మూల నుంచి మూలకి 100 అంగుళాల తెర అయితే వెడల్పు 87 అంగుళాలు, కాబట్టి 11 అడుగుల దూరం కావాలి. షెడ్డులో సరిపోయింది. స్లాబుకి బిగిస్తే మధ్యలో సీలింగ్ ఫ్యాను అడ్డం. ఫ్యాను తీసి గోడ ఫ్యాను పెట్టించాను. వెల్తురు రాకుండా కిటికీలకి వేసే మందపాటి తెల్ల కర్టెన్ గుడ్డని చెక్క ఫ్రేముకి బిగుతుగా లాగి కొడితే అదే తెర.

రంగు దగ్గర గొడవైంది. తెర మీద పడిన వెలుగు తెల్లగోడల మీదికి పోయి, తిరిగి తెర మీదకే వస్తుంది. అప్పుడు బొమ్మలో నలుపు నలుపుగా ఉండదు, బూడిదరంగులోకి దిగుతుంది. అందుకని మెరుపు లేని ముదురు రంగు వేయాలి. "ఇంటికి నల్లరంగేంటే, దరిద్రం!" అంది అమ్మ. చివరికి ముదురు నీలం దగ్గర రాజీ పడ్డాం.

పాత ఆంప్లిఫయరు, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు కలిపి 14,000. నాకు అన్నిటికంటే సంబరం ఆ సబ్‌వూఫరే. మొదటి రాత్రి మంచి ఫైట్లున్న సినిమా పెట్టాను. హీరో నేల మీద కాలు మోపితే మా షట్టరు గడగడలాడింది. మర్నాడు పొద్దున ఎదురింటి ఆంటీ "రాత్రి ఏమైనా దొంగలు పడ్డారా?" అని అడిగింది. షట్టరు పలకల మధ్య రబ్బరు ముక్కలు దూర్చి, వెనకాల దుప్పటి కట్టి దాని నోరు మూయించాను.

అమ్మ ఇరవై నిమిషాలు చూసి నిద్రపోయింది. లేపి "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంది. తర్వాతి వారమూ అంతే. "నాకు సినిమాలు పట్టవులేవే, నువ్వు చూసుకో" అంది. మా ఇంట్లో అందరం నమ్మిన మాటే అది. అమ్మకి సినిమాలంటే ఇష్టం పోయింది. వయసు, ఓపిక, టీవీలో భక్తి కార్యక్రమాలు, ఇలా కారణాలు కూడా మేమే ఇచ్చుకున్నాం.

షెడ్డులో నిలబడి చప్పట్లు కొడితే "టంగ్" మని సాగేది. ఎదురెదురు గోడలు, సిమెంటు నేల, ఇనప షట్టరు. శబ్దం పోవడానికి చోటు లేక అక్కడే తిరుగుతుంది. కోడిగుడ్ల అట్టలు అంటించమని సలహా ఇవ్వని మనిషి లేడు. వాటివల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు, అవి చాలా పల్చన. మందంగా, మెత్తగా, గాలి దూరేలా ఉండేదేదైనా కావాలి. అట్టం మీద అమ్మమ్మ కుట్టిన పాత బొంతలు నాలుగున్నాయి. మేకులు కొట్టనని ఒట్టేస్తే అమ్మ దింపనిచ్చింది. కర్టెన్ రాడ్లకి వేలాడదీశాను. చప్పట్ల తోక సగం తెగింది.

మిగతా సగానికి రాక్‌వూల్ పలకలు కొన్నాను. వడ్రంగి చేత ఫ్రేములు చేయించి, గుడ్డ చుట్టాను. అవి గోడ మీద ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఓ పాత ఉపాయం ఉంది. మనం కుర్చీలో కూర్చుంటాం. ఇంకొకళ్ళు పక్కగోడ మీద అద్దం ఆనించి మెల్లగా జరుపుతారు. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే, అక్కడ తగిలే శబ్దం మన చెవికి వస్తుంది. పలక పెట్టాల్సింది అక్కడే.

అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. నేను కుర్చీలో. జరిపింది. స్పీకరు కనిపించింది.

"ఆగమ్మా."

ఆగలేదు.

"అమ్మా, ఆగు."

జరుపుతూనే ఉంది. "ఆగూ" అని అరిచాను. ఎనిమిదడుగుల దూరం. అద్దం అలా గోడ చివరిదాకా వెళ్ళిపోయింది. అప్పుడు వెనక్కి తిరిగి, నా మొహం చూసి, "కనపడలేదా?" అంది.

"ఇందాకే కనపడింది" అన్నాను, మామూలు గొంతుతోనే.

"మరి చెప్పవేం?" అంది వెంటనే.

నా మొహం చూస్తూ ఉంటే అమ్మకి వినపడుతోంది.

ఆ రాత్రి నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 2020లో అందరూ మాస్కులు పెట్టుకున్నప్పుడు అమ్మ కిరాణా కొట్టుకి వెళ్ళడం మానేసింది. కరోనా భయం అనుకున్నాం. వంటింట్లోంచి పిలిస్తే పలకదు. పరాకు అనుకున్నాం. అమెరికా నుంచి అన్నయ్య మామూలు ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి నాకిచ్చేస్తుంది, వీడియోలో అయితే అరగంట మాట్లాడుతుంది. మనవణ్ణి చూడ్డానికి అనుకున్నాం.

నాన్న కూడా గుర్తొచ్చాడు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ముగ్గురం సినిమాకి వెళ్ళాం. అమ్మ ప్రతి డైలాగుకీ "ఏమన్నాడు?" అనేది. నాన్న వంగి ఆమె చెవిలో చెప్పేవాడు. చెవిలో అంటే గుసగుస కాదు, గట్టిగానే. ముందు సీటాయన వెనక్కి తిరిగి "ఇంటికెళ్ళి చెప్పుకోండి సార్" అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. నేను ఒక సీటు దూరం జరిగి కూర్చున్నాను, వీళ్ళతో వచ్చినట్టు తెలియకుండా. ఆ తర్వాత వాళ్ళిద్దరూ హాలుకి వెళ్ళలేదు. అమ్మకి సినిమాలంటే ఇష్టం పోయింది ఆరోజే.

నాన్నకి తెలుసు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పేవాడు. ఆయన పోయాక "ఏమన్నారే?" అని నన్ను అడిగేది. నేనేమో ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "ఏం లేదులే అమ్మా" అనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది.

చెవుల డాక్టరు దగ్గరికి రావడానికి నెల పట్టింది. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడితే చెయ్యెత్తమన్నారు. కాగితం మీద గీత వచ్చింది. ఎడమ వైపు, అంటే బొంగురు శబ్దాల వైపు, బాగానే ఉంది. 2000 హెర్ట్జ్ దాటాక మెట్ల మీంచి జారినట్టు కిందికి పోయింది. వయసుతో వచ్చే వినికిడి లోపం చాలామందిలో ఇలాగే పైస్థాయి శబ్దాల నుంచి మొదలవుతుందట. మాటలో అచ్చులు బలంగా, కింది స్థాయిలో ఉంటాయి. స, శ, త, క లాంటి హల్లుల్ని పోల్చుకునే ఆనవాళ్ళు ఎక్కువగా పై స్థాయిలో, బలహీనంగా ఉంటాయి. అంటే ఎవరో మాట్లాడుతున్నారని అమ్మకి వినపడుతుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అందుకే అరిచి చెప్పినా లాభం లేదు. మిగిలింది పెదాలు చూసి పోల్చుకుంటుంది. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి కాబట్టి అక్కడ ఊహిస్తుంది. ఊహ తప్పినప్పుడు నవ్వేస్తుంది.

ఇంటికొచ్చి షెడ్డులో కూర్చుంటే నేను చేసిన పని మొత్తం తెలిసొచ్చింది. బొంగురు శబ్దం గట్టిగా ఉంటే అది పైనున్న సన్నని శబ్దాల్ని కప్పేస్తుంది. గది మోగితే ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మీద పడుతుంది. అమ్మకి అందే ఆ కాస్త హల్లుల్ని కూడా నేను డబ్బు పెట్టి మరీ పూడ్చేశాను. నేను కట్టింది నా చెవులకి హాలు.

అన్నీ మళ్ళీ మొదలెట్టాను. సబ్‌వూఫరు ఆపేశాను. 5.1 సౌండులో డైలాగు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తుంది. దాన్ని మిగతావాటికంటే 5 డెసిబెల్స్ పెంచి, సరిగ్గా అమ్మ చెవి ఎత్తుకి తిప్పాను. రాక్‌వూల్ పలకలు అద్దం చెప్పిన చోట పెట్టాను. సబ్‌టైటిల్స్ వేద్దామంటే మేం పెట్టిన తెలుగు సినిమాల్లో ఎక్కువ వాటికి ఇంగ్లీషువే ఉన్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు. తెలుగు సినిమా తెలుగులో చదువుకునే వీలు ఓ తెలుగావిడకి లేదని నాకు అంతకుముందు తోచనే లేదు.

తర్వాతి ఆదివారం "గుండమ్మ కథ" పెట్టాను. 1962 నాటి బొమ్మ, నలుపు తెలుపు. అమ్మ ప్లాస్టిక్ కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. సూర్యకాంతం తెర మీదికొచ్చి నోరు విప్పింది. నాలుగడుగుల ఎత్తు తెర మీద ఆవిడ పెదాలు ఎంత ఉన్నాయంటే, గుడ్డివాడికైనా కనిపిస్తాయి. అమ్మ పగలబడి నవ్వింది. మాట అయ్యాక కాదు, మాటతోపాటే. అవి రెండూ వేరువేరు నవ్వులని అప్పటికి నాకు తెలిసింది. సావిత్రి మాట్లాడుతుంటే అమ్మ పెదాలు కూడా కదులుతున్నాయి. రెండు గంటల పైన మేలుకునే ఉంది.

కొత్త సినిమాలు పెట్టినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. "హీరో మాటలు కాస్త తెలుస్తున్నాయిగానీ, ఆ పిల్ల మాట ఒక్కటీ తెలియట్లేదే" అంది. చూస్తే నిజమే. ఆ పిల్లకి తెలుగు రాదు. పెదాలు ఏదో పలుకుతున్నాయి, గొంతు ఇంకెవరిదో. మనం డబ్బింగ్ కుదరలేదని జోకులేసుకుని వదిలేస్తాం. పెదాలే చెవులైనవాళ్ళకి అక్కడ తలుపు మూసుకుపోతుంది. అప్పటినుంచి మా సినిమాల ఎంపికకి ఓ కొత్త కొలత వచ్చింది: ఎవరి నోరు వాళ్ళే మాట్లాడాలి.

లెక్క చూసుకుంటే రాక్‌వూల్‌కీ చెక్కకీ 7,000, రంగులకి 3,500, తెరకీ కర్టెన్లకీ 2,800, వైరింగుకి 2,500. ప్రొజెక్టరు, స్పీకర్లు కలిపితే మొత్తం 51,800. అన్నిటికంటే ఎక్కువ పనిచేసినవి బొంతలు, వాటికి పైసా పడలేదు. మిగిలిన 8,200 చెవి మిషన్లకి వేశాను. అవి దాంతో వచ్చేవి కావు. అన్నయ్యా నేనూ మిగతాది వేసుకున్నాం. నా నియమం అక్కడ తప్పింది.

అమ్మ ఆ మిషన్లు ఇంట్లో పెట్టుకోదు. గిన్నెల చప్పుడు తలలో పడుతోందంటుంది. డబ్బాలో పెట్టి బీరువాలో నగల పక్కన దాస్తుంది. ఆదివారం షెడ్డులోకి వచ్చేముందు మాత్రం తీసి పెట్టుకుని, జుట్టు సర్దుకుని వస్తుంది. మిగతా రోజులు నేనే వంటింట్లోకి వెళ్ళి, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను. కొన్నిసార్లు మర్చిపోతాను.

మొన్న ఎండాకాలం సినిమా మధ్యలో కరెంటు పోయింది. చిమ్మచీకటి. గోడలకి నేనే వేయించిన ముదురు నీలం. ఉక్కపోత.

"ఆఖరున ఏమన్నాడే?" అంది అమ్మ చీకట్లోంచి.

"ఏం లే..." అని ఆగాను. ఫోను లైటు వెలిగించి, నా మొహం మీదికి తిప్పుకుని, వాడేమన్నాడో చెప్పాను.