దుర్మతి సంవత్సరంలో మా వాళ్లు

వేటపాలెం స్టేషన్లో దిగి సారస్వత నికేతనం ఎక్కడని అడిగితే దారి చెప్పని వాళ్లుండరు. 1918లో వి.వి. శ్రేష్ఠి ఊరి యువకులను కూడగట్టుకుని పెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీజీ ఇక్కడికి వచ్చినప్పుడు విరిగిన చేతికర్రను ఇప్పటికీ దాచి ఉంచారు. కొత్తగా వచ్చిన వాళ్లు ముందు దాన్నే చూపించమంటారు. నాకు కావలసింది పాత పత్రికలు.

"ఏ సంవత్సరం కావాలండీ?" అని అడిగారు అక్కడ పనిచేసే పెద్దాయన.

"దుర్మతి" అన్నాను. మా నాయనమ్మ చెప్పింది ఆ ఒక్క మాటే. ఇంగ్లిషు సంవత్సరం ఆవిడకు తెలియదు.

"అయితే 1921 ఉగాది నుంచి తరవాతి ఉగాది దాకా చూడాలి" అన్నారాయన వెంటనే. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. 1861 దుర్మతే, 1981 కూడా దుర్మతే. పుట్టిన ఏడాది అలా చెప్పిన పెద్దవాళ్ల విషయంలో ముందు ఏ ఆవృత్తిలోదో తేల్చుకోవాలి. మా విషయంలో ఆ చిక్కు లేదు. నాయనమ్మ పుట్టింది రామ్‌నగర్ పాకలో. రామ్‌నగర్ ఉన్నది ఆ ఒక్క ఏడే.

ఈ ప్రాంతం వాళ్లకు ఆ కథ చెప్పనక్కర్లేదు. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఒక్కసారిగా పెంచితే జనం కట్టబోమన్నారు. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లిన వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్లో గాంధీజీ చీరాల వచ్చి, అహింసగా పన్ను నిరాకరించవచ్చు, లేదా ఊరే విడిచి పోవచ్చు అన్నారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టించారు. వేల మంది ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపాలిటీ పొలిమేర దాటి, పాకలు వేసుకుని, ఆ చోటికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని సుమారు పదకొండు నెలలు బతికారు. గోపాలకృష్ణయ్య స్వచ్ఛంద దళమైన రామదండు వాళ్లు కాపలా కాశారు. అక్టోబరు కల్లా గోపాలకృష్ణయ్య తిరుచిరాపల్లి జైల్లో ఉన్నారు. పాకల్లో జనం మాత్రం ఆయన లేకుండానే ఆ వానాకాలం గడిపారు. ఆ నెలల గురించి పుస్తకాల్లో తక్కువే ఉంది. నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలని ఉన్నది ఆ నెలల గురించే.

మా ముత్తాత పేరాలలో మగ్గం నేసేవాడు. మగ్గం విప్పి బండి మీద వేసుకుని రామ్‌నగర్ వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటారు. అంతకు మించి మాకేమీ తెలియదు.

పెద్దాయన ఆంధ్రపత్రిక బైండు తెచ్చి బల్ల మీద పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేసిన ఆంధ్రపత్రిక అది. "పేజీ మూల పట్టుకుని తిప్పకండి. కింద అరచెయ్యి పెట్టి మొత్తం కాగితం ఎత్తండి" అన్నారు. చెక్క గుజ్జుతో చేసిన కాగితం కాలం గడిచేకొద్దీ దానిలోని ఆమ్లానికే పాడైపోతుంది. కొన్ని అంచులు వేయించిన అప్పడంలా పెళుసెక్కి ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు చాలా పాత పత్రికలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు, అది గొప్ప పని. కానీ అవి ఫొటోల్లాంటివి. పేరు కొట్టి వెతకడానికి లేదు. అక్కడైనా ఇక్కడైనా ఒక్కో పేజీ కంటితో చదువుకోవలసిందే.

"పేరు కోసం చదవకండి, కళ్లు మోసం చేస్తాయి. ఊరి పేరు కోసం చదవండి" అన్నది పెద్దాయన ఇచ్చిన రెండో సలహా. చాలా విలువైన సలహా అది. ఆ రోజుల్లో మనుషుల పేర్లు నిలకడగా ఉండవు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా వేస్తారు, మరోచోట పొడి అక్షరాలు వేస్తారు, ఇంకోచోట పేరు చివర గారు చేరుతుంది. ఊరి పేరు మాత్రం వార్త మొదట్లోనే కనిపిస్తుంది.

అమృతాంజనం ప్రకటనలు, ధాన్యం ధరలు, కాంగ్రెసు సభలు దాటుకుంటూ వెళ్లాను. బెజవాడలో ఆ మార్చి ఆఖరున కూడిన కాంగ్రెసు సభలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చెయ్యాలనుకున్నారు. గడువు జూన్ 30. ఆ వేసవి పత్రికల నిండా చందాల జాబితాలే. ఎవరూ చదవని మూల అది. నాకు మాత్రం సంపాదకీయాల కన్నా ఆ జాబితాలే విలువైనవిగా కనిపించాయి. సంపాదకీయంలో నాయకులుంటారు. జాబితాలో అర్ధరూపాయి ఇచ్చిన మనిషి ఉంటాడు.

పేరాల కింద ముత్తాత ఇంటిపేరు కనిపించింది, పక్కనే ఆయన పేరు, ఎనిమిది అణాలు. చదివి వినిపించబోతే నా గొంతు పట్టుకుపోయింది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చూసి, ఇంకో నాలుగు వరుసల కింద వేలు పెట్టారు. అదే ఇంటిపేరు, అదే పేరు, ఒక రూపాయి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో అన్నదమ్ముల బిడ్డలిద్దరికీ ఒకే పేరు ఉండడం మామూలే. ఇద్దరిలో మా వాడెవరో పత్రిక చెప్పదు.

పక్క బల్ల దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ఏవో రాసుకుంటున్నారు. వాళ్లది అర్చకుల కుటుంబం. ఇనాం కమిషన్ 1860 ప్రాంతంలో తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు ఆయన చేతిలో ఉంది. మాన్యం ఎవరు ఇచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత అనేవన్నీ అందులో రాసి ఉన్నాయి. మాన్యం ఉన్న వాళ్లకు అది పెద్ద ఆధారం. మగ్గం మీద బతికిన వాళ్లకు అలాంటిది లేదు. "మీకు ఇల్లుండేదా? ఇల్లుంటే ఎప్పుడో అమ్మే ఉంటారు. దస్తావేజు వెతకండి" అన్నారు మాస్టారు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో నంబరు పుస్తకం స్థిరాస్తి దస్తావేజులది. దాన్నీ, దాని సూచికనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని చట్టమే చెబుతుంది. ఆ మాట అడగడానికి వెళ్లిన చోట చాలామందికి తెలియకపోవడం వేరే సంగతి. చివరికి సూచికలో దొరికింది, మా ముత్తాత పేరు మీద కాదు, ఆయన భార్య పేరు మీద. అసలు దస్తావేజు కొన్నవాళ్లతో పోయింది. ఆఫీసులో ఉన్నది గుమాస్తా చేతిరాతలో ఎక్కించిన ప్రతి.

1956లో హిందూ వారసత్వ చట్టం రాకముందు, భర్త ఆస్తిని విధవరాలు తన ఇష్టానికి అమ్మడానికి లేదు. అవసరం ఏమిటో చెప్పుకోవాలి, లేకపోతే రేపు వారసులెవరో వచ్చి ఆ అమ్మకం చెల్లదంటారు. అందుకే ఆ దస్తావేజులో ఆమె జీవితమంతా రాయవలసి వచ్చింది. ఫలానా వారి కొడుకు, పేరాల కాపురస్తుడు, నేత పని చేసే నా భర్త చనిపోయాడు, నూలు బాకీలున్నాయి, ఎనిమిదేళ్ల కూతురు పోషణ ఉంది. ఆ కూతురే మా నాయనమ్మ. ముత్తాత తండ్రి పేరు అలా తెలిసింది. అదే పేరు చందాల జాబితాలో ఎనిమిది అణాల ముత్తాత పేరు పక్కన బ్రాకెట్లో ఉంది. మొదటిసారి అది ఏ మనిషి పేరో తెలియక వదిలేశాను.

ఒక మనిషి ఒక రోజున ఏం చేశాడో పత్రిక చెబుతుంది. ఎవరి కొడుకో, ఏం కలిగి ఉన్నాడో, ఏం పోగొట్టుకున్నాడో సర్కారు కాగితం చెబుతుంది. రెండూ కలిస్తే తప్ప మా ముత్తాత నాకు దొరకలేదు. మా ముత్తవ్వకు ఆ రెండింటిలోనూ సులభంగా చోటు దొరకలేదు. మగ్గం బండి ఎక్కించి, పాకలో బిడ్డను కన్న మనిషి పత్రికకు ఎక్కలేదు. భర్త పోయి, అప్పు మిగిలి, ఇల్లు అమ్ముకుంటే గాని ఆమె పేరు కాగితం మీదకు రాలేదు. పేరు కింద వేలిముద్ర అని మాత్రం గుమాస్తా రాశాడు.

ముత్తవ్వ పుట్టింటి వాళ్లెవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ దస్తావేజుకు మొదటి సాక్షి ఆమె అన్న. ఇంటిపేరుతో సహా సంతకం చేశాడు, కందుకూరు తాలూకా కాపురమని రాయించాడు. ఇప్పుడు ఆ ఇంటిపేరు పట్టుకుని కందుకూరు వెళ్లాలి. ఆ ఊళ్ల పాత కాగితాలు నెల్లూరు జిల్లావి. 1970లో ఆ తాలూకా కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో (తరవాత ప్రకాశం జిల్లా అయింది) చేరింది, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరుకు వెళ్లింది. ఏ ఆఫీసులో మొదలుపెట్టాలో అని మాస్టారిని అడిగితే, "రెండు చోట్లా అడగండి, ముందు నెల్లూరులో" అన్నారు.