మడుగులో మిగిలిన కొర్రమీను



మనది హగరి ఒడ్డు. పటాల్లో దీని పేరు వేదవతి. కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుట్టి, మన అనంతపురం సీమ మీదుగా పోయి తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు గాలికి ఏటి ఇసుక లేచి చేల మీద దిబ్బలు పడుతుంది. ఎడారిని చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. 2022లో పైనున్న వాణీ విలాస సాగరం 89 ఏళ్ల తర్వాత మరవ పారింది. అలాంటి ఏళ్లు అరుదు. ఏటిలో మనకు ఎక్కువగా కనబడేది ఇసుక, అక్కడక్కడ మడుగులు.

ఎండలు ముదిరితే మడుగు నీళ్లు కాగిపోతాయి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది. బొచ్చె, రోహు లాంటివి ముందే చచ్చి తేలతాయి. కొర్రమీను మాత్రం పైకొచ్చి గాలి మింగి మళ్లీ లోపలికి పోతుంది. నీళ్లు ఇంకితే తడి బురదలో దాక్కుని కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. దేవుడు దానికిచ్చిన ఓపిక అది.

గాలానికి చిన్న కప్పను గుచ్చి దాన్ని పట్టడం తప్పని మేము చెప్పడం లేదు. కూలి దొరకని రోజుల్లో ఒక్క కొర్రమీను ఇంటిల్లిపాదికీ కూర అవుతుంది. మా ఇంటికీ మీరు ప్రేమతో తెచ్చి ఇచ్చారు.

అయితే వానలు మొదలయ్యాక చూడండి. అది గడ్డి మధ్య గూడు చేసి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటి పైన బుడబుడలాడుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి. ఆ గుంపు ముందు గాలం వేస్తే పెద్ద చేప ఆకలి లేకపోయినా కరుస్తుంది, పిల్లల మీదికి ఏదో వచ్చిందని. దాన్ని లాగేస్తే కాపలా లేని పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షి గూడు గురించి దేవుడిచ్చిన ఆజ్ఞ ఉంది. పిల్లలతో ఉన్న తల్లిని పట్టకూడదు. ఆ చిన్న ఆజ్ఞకు మేలునూ దీర్ఘాయువునూ జోడించాడాయన.

“మనం వదిలితే ఇంకొకడు పట్టుకుపోతాడు కదా అయ్యగారూ” అని మన యౌవనస్థులు అడిగారు. నిజమే, పట్టుకుపోవచ్చు. కానీ ఆ ఆజ్ఞ వెనక వచ్చేవాడి సంగతి అడగదు, గూడు ముందు నిలబడిన మనల్నే అడుగుతుంది. ఎంత కరువొచ్చినా విత్తనపు శెనక్కాయలు వండుకు తినని రైతులు మన పెద్దలు. పక్కవాడు తిన్నాడని తమ మూట విప్పలేదు. ఎండిన ఏటికి చివరి మడుగే విత్తనాల మూట.

కాబట్టి ప్రియులారా, పిల్లల గుంపు ముందు గాలం వేయొద్దు. చివరి మడుగును వలతో ఊడ్చేయొద్దు. కరెంటు తీగ, బ్లీచింగ్ పొడి మన బిడ్డల చేతుల్లో కనబడకూడదు. నీళ్లలో విషం కలిపి చేపల్ని చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. చట్టం చూడని చోట కూడా మనల్ని చూసేవాడు ఉన్నాడు.

ప్రభువా, మా ఆకలి నీకు తెలుసు. ఈ పూట అన్నం పెట్టు. వచ్చే ఏటికి కొంత వదిలే మనసూ ఇవ్వు. ఆమేన్.